శ్రీకాకుళం, విజయనగరం సైకిల్ దారులు: తిరుగు ప్రయాణం చూసి ఎంచుకోండి

కొత్తగా గేర్ల సైకిల్ కొన్నవాళ్లు నన్ను మొదట అడిగేది ఒక్కటే: "ఎన్ని కిలోమీటర్ల దారితో మొదలుపెట్టమంటారు?" ఈ రెండు జిల్లాల్లో ఏళ్ల తరబడి ఆదివారాలు సైకిల్ మీదే గడిపాను కాబట్టి చెబుతున్నాను, కిలోమీటర్ల లెక్క తర్వాత చూసుకోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు గాలి ఎటు నుంచి వీస్తుంది, ఎండ ఏ వేళకు నెత్తికెక్కుతుంది, లారీలు ఎప్పుడు రోడ్డెక్కుతాయి అనేవి ముందు చూసుకోవాలి. వెళ్లేటప్పుడు ఏ దారైనా బాగానే ఉంటుంది. ఒళ్లు తేలికగా ఉంటుంది, గాలి చల్లగా ఉంటుంది, రోడ్డంతా మనదే. తొమ్మిది దాటి ఇంటివైపు తిరిగాకే ఆ దారి సంగతి తెలుస్తుంది.

మన నేల తీరు గమనిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. పడమట తూర్పు కనుమలు, తూర్పున బంగాళాఖాతం, మధ్యలో నదుల పల్లం. వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుట్టి దిగివస్తాయి. వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తాయి. విజయనగరం వైపు చంపావతి, గోస్తని ఉన్నాయి. నదుల నడక మొత్తం మీద వాయవ్యం నుంచి ఆగ్నేయానికి. మంచి సైకిల్ దారులు చాలావరకు ఈ నదుల పక్కనే సాగుతాయి. అంటే పొద్దున నదికి ఎదురెక్కి కొండలవైపు వెళ్తాం, ఎండెక్కాక సముద్రం వైపు ముఖం పెట్టి తిరిగి వస్తాం. సరిగ్గా ఆ వేళకే సముద్రపు గాలి నేల మీదికి రావడం మొదలవుతుంది. కాళ్లు అలసిపోయిన సమయంలో ఎదురుగాలి అన్నమాట. దిగువకే కదా, తేలికగా వచ్చేయవచ్చని లెక్క వేసుకున్నవాళ్లంతా ఇక్కడే దెబ్బతింటారు.

దీనికి రుతువుల గాలి తోడవుతుంది. నవంబరు నుంచి జనవరి దాకా ఈశాన్యం నుంచి వీస్తుంది. మార్చి దాటాక నైరుతి గాలి బలపడి మే నెలలో తీరం వెంట ఈడ్చి కొడుతుంది. ఒకే దారి డిసెంబరులో ఒకలా, ఏప్రిల్‌లో మరోలా అనిపించడానికి కారణం అదే. పొద్దు విషయంలో మాత్రం మనకు కాస్త కలిసొస్తుంది. తూర్పు కొసన ఉన్నాం కాబట్టి శ్రీకాకుళంలో సూర్యుడు హైదరాబాద్ కంటే సుమారు 20 నిమిషాలు ముందే ఉదయిస్తాడు. మే నెలలో 5.20 ప్రాంతంలోనే తెల్లవారుతుంది. ఐదింటికి బయలుదేరేవాడికీ ఆరింటికి బయలుదేరేవాడికీ ఇక్కడ ఉన్న తేడా గంట కాదు, ఒక రుతువంత.

కళింగపట్నమా, శ్రీముఖలింగమా?

శ్రీకాకుళంలో ఉంటూ మొదటిసారి 50 కిలోమీటర్లు దాటాలనుకునేవారికి నేను చెప్పేది కళింగపట్నం. అరసవల్లి మీదుగా గార రోడ్డు పట్టుకుని, మధ్యలో శ్రీకూర్మం చూసుకుని, కళింగపట్నం సముద్రతీరం దాకా వెళ్లి, వచ్చేటప్పుడు శాలిహుండం కొండ దగ్గర ఆగి రావచ్చు. అన్నీ కలిపి 65 కిలోమీటర్ల దరిదాపు. ఎక్కుడు అనేదే లేదు. ఇరువైపులా వరి పొలాలు, కొబ్బరి చెట్లు, తాటి చెట్లు, చెరువు గట్లు.

ఈ దారిని మొదటిదిగా చెప్పడానికి కారణం గాలే. తెల్లవారుజామున నేల మీది నుంచి సముద్రం వైపు సన్నని గాలి వీస్తుంది. అది వెనుక నుంచి మెల్లగా తోస్తుంది. తొమ్మిదిన్నర, పది ప్రాంతంలో మనం వెనుదిరిగే వేళకు సముద్రపు గాలి మొదలై ఈసారి ఊరివైపు తోస్తుంది. రెండు వైపులా గాలి సాయపడే దారి ఈ జిల్లాలో నాకు తెలిసి ఇదొక్కటే. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం నైరుతి గాలి ఈ లెక్కను తారుమారు చేస్తుంది, అప్పుడు తిరుగు ప్రయాణంలో గాలి ఏటవాలుగా ఎదురు తగులుతుంది.

శాలిహుండం దగ్గర సైకిల్ కింద పెట్టి కొండ ఎక్కండి. బౌద్ధ స్తూపాల ఇటుక పునాదుల మధ్య నిలబడితే కింద వంశధార వెడల్పుగా, ఇసుక తిన్నెల మధ్య పాయలు పాయలుగా కనిపిస్తుంది. ఈ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు రామమూర్తి గారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆ మనిషి 1863లో ఇదే నది ఒడ్డున, శ్రీముఖలింగం పక్కనున్న పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ కొండల్లోని సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. నది మొగ దగ్గర శాలిహుండం, నడిమధ్య పర్వతాలపేట, ఎగువ కొండల్లో సవర గూడేలు. వంశధార వెంట ఏ దారి పట్టినా ఆయన జీవితంలోని ఏదో ఒక మజిలీ మీదుగా వెళ్తున్నట్టే నాకు అనిపిస్తుంది.

రెండో దారి శ్రీముఖలింగం. శ్రీకాకుళం నుంచి జాతీయ రహదారి మీద మడపాం వంతెన దాటి నరసన్నపేట వెళ్లి, అక్కడ లోపలికి తిరగాలి. ఒక వైపు 45 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. మధుకేశ్వరుడు, సోమేశ్వరుడు, భీమేశ్వరుడు కొలువైన ఊరు. కళింగను ఏలిన తూర్పు గాంగుల ఏలుబడికి మిగిలిన గొప్ప గుర్తు. సోమేశ్వరాలయం ఊరి మొదట్లోనే, చుట్టూ ఏ ఆర్భాటమూ లేకుండా ఒంటరిగా నిలబడి ఉంటుంది. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ గోడల మీది బొమ్మలు ఒక్కొక్కటిగా పైకి తేలివస్తాయి. మధ్యాహ్నం వెళ్తే ఆ అందం ఉండదు. కారులో వచ్చేవారిలో ఎక్కువమంది పదకొండింటికి వస్తారు. సైకిల్ మీద వెళ్లే మనం ఏడున్నరకే అక్కడ ఉంటాం.

గుడి ఎంత గొప్పదైనా ఈ దారి చలికాలానికే. నరసన్నపేట శ్రీకాకుళానికి ఈశాన్యంగా ఉంది. డిసెంబరు గాలి వెళ్లేటప్పుడు ఎదురుగా, వచ్చేటప్పుడు వెనుకగా ఉంటుంది. కాలు తాజాగా ఉన్నప్పుడు కష్టపడి, అలసినప్పుడు సాయం తీసుకోవడం అంటే ఇదే. ఏప్రిల్‌లో సరిగ్గా తలకిందులు: పొద్దున రెక్కలొచ్చినట్టు వెళ్తాం, పది గంటలకు ఆరు వరుసల రహదారి మీద నీడ లేకుండా, పక్కన లారీలు దూసుకుపోతుండగా, నైరుతి గాలికి ఎదురీదుతూ 20 కిలోమీటర్లు రావాలి. నేను ఒక ఏప్రిల్‌లో ఆ పొరపాటు చేశాను. మడపాం వంతెన మీద గంటకు 12 కిలోమీటర్ల వేగం కూడా అందలేదు. కింద వంశధారలో నీటికంటే ఇసుకే ఎక్కువగా ఉంది, ఆ వేడి పైదాకా తగిలింది. కళింగపట్నం నాలుగైదుసార్లు తిరిగి వచ్చాక, నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్యలోపు శ్రీముఖలింగం పెట్టుకోండి.

విజయనగరం వైపు

విజయనగరం వారికి దగ్గరి దారి రామతీర్థం. నెల్లిమర్ల దగ్గర చంపావతి దాటి వెళ్లి రావడానికి 30 కిలోమీటర్లు మించదు. రాతి కొండలు, కోనేరు, రామాలయం, గురుభక్తులకొండ మీద బౌద్ధుల ఆనవాళ్లు. పనిరోజుల్లో కూడా ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉండవచ్చు. కాళ్లు సాగదీసుకోవడానికి మంచిదే కానీ ఉదయపు వేళ నెల్లిమర్ల రోడ్డు మీద రద్దీ ఉంటుంది, నది పక్కన సాగామన్న తృప్తి మిగలదు.

అందుకే కాస్త ఓపిక ఉన్నవారిని తాటిపూడికి పొమ్మంటాను. గంట్యాడ మీదుగా పడమరకు వెళ్తే గోస్తని మీద కట్టిన జలాశయం వస్తుంది. విశాఖపట్నానికి తాగునీరు ఇచ్చే జలాశయాల్లో ఇదొకటి. పోను రాను 55 కిలోమీటర్ల ప్రాంతం. ఈ దారి గొప్పతనం ఏమిటంటే కొండలు మెల్లమెల్లగా దగ్గరవుతాయి. గంట్యాడలో నీలంగా, చదునుగా కనిపించిన గీత తాటిపూడి గట్టు ఎక్కేసరికి పచ్చగా, మడతలు మడతలుగా ఎదుట నిలబడుతుంది. ఎక్కకుండానే కొండను దగ్గరగా చూపించే దారి. ఘాట్ ఎక్కాలని మనసులో ఉండి ధైర్యం చాలనివారు ముందు నాలుగు ఆదివారాలు ఇక్కడికి వచ్చి వెళ్లాలి. గట్టు మీద గంటసేపు కూర్చుంటే బాగుంటుంది, కానీ కూర్చోవద్దు. ఇంటికి తూర్పుగా రావాలి కాబట్టి ఎండ ముఖం మీదే కొడుతుంది, పది దాటితే దానికి గాలి తోడవుతుంది.

రాజాం చుట్టుపక్కల వారికి ఇంకో చక్కని దారి ఉంది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. వంగర వైపు వెళ్లి మడ్డువలస జలాశయం చూసి, అక్కడి నుంచి సంగాం దాకా వెళ్లి రావడం. సువర్ణముఖి, వేగవతి నదులు నాగావళిలో కలిసే చోటు అది. బలరాముడు నాగలితో గీస్తే పుట్టిన నది కనుక నాగావళి అయిందని, ఆయన ప్రతిష్ఠించిన ఐదు లింగాల్లో సంగాంలోని సంగమేశ్వరుడు ఒకడని ఇక్కడివారు చెబుతారు. శివరాత్రి జాతర రోజుల్లో తప్ప ప్రశాంతంగా ఉంటుంది. కుటుంబంలో పదో తరగతి పిల్లలుంటే వారితో కలిసి వెళ్లడానికి ఇంతకంటే నిదానమైన దారి నాకు తోచదు.

పంట కాలపు రోడ్లు

ఇక్కడ ఒక సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ దారుల్లో నాకు తెలిసిన పడిపోవడాలు ఎక్కువగా దీనివల్లే జరిగాయి. నవంబరు చివరి నుంచి జనవరి దాకా పల్లె రోడ్లలో సగభాగం కళ్లమవుతుంది. ధాన్యం ఆరబోస్తారు. విజయనగరం వైపు మొక్కజొన్న గింజలు కూడా. ఆరబోసిన ధాన్యం చుట్టూ వాహనాలు తొక్కకుండా రాళ్లు పేరుస్తారు. పగలు ఆ రాళ్లు కనిపిస్తాయి. తెల్లవారుజామున, మంచులో, లైటు వెలుగు అందేలోపే చక్రం కిందికి వస్తాయి. సాయంత్రం ధాన్యం ఎత్తేశాక కూడా కొన్నిచోట్ల రాళ్లు అక్కడే ఉండిపోతాయి.

రాళ్ల కంటే గింజలు ఇంకా ప్రమాదం. పలుచగా చెదిరిన వడ్ల మీద సన్న టైరు పోతే గోళీల మీద కాలు వేసినట్టే. ఒక డిసెంబరు ఉదయం సరుబుజ్జిలి దాటాక మలుపులో అలాగే జారి పడ్డాను. మోకాలు గీసుకుపోయింది, బ్రేక్ లివర్ వంగింది. పక్కనే ఒక ముసలాయన వడ్లు కలియబెడుతున్నాడు. పార కాదు, పాదాలతో. రెండు పాదాలూ నేలకు ఆనించి ఈడ్చుకుంటూ ముందుకు నడుస్తుంటే వెనుక రెండు చాళ్లు పడుతున్నాయి. అడుగు వడ్లు పైకి, పై వడ్లు కిందికి. చివరిదాకా వెళ్లి, పక్కకు జరిగి మళ్లీ వెనక్కి. రోడ్డు పొడవునా దున్నినట్టు గీతలు. నన్ను చూసి పని ఆపి వచ్చి చేయి అందించాడు. "నిన్న మంచు పడింది బాబూ, రోడ్డు ఆరలేదు. గింజ కనబడితే దిగి నడవాలి గానీ తొక్కకూడదు" అన్నాడు. "తప్పు నాదే తాతా, మీ గింజలు చెదిరిపోయాయి" అంటే, "అవి ఏరుకుంటాంలే, మోకాలు చూసుకో" అని సీసాలో నీళ్లు పోశాడు. అప్పటి నుంచి పంట కాలంలో వడ్లు కనబడిన ప్రతిచోటా దిగి నడుస్తున్నాను. ఆరు నెలల కష్టం అక్కడ ఎండుతోంది, దాని మీదుగా మన వ్యాయామం వెళ్లకూడదు.

నది ఒడ్డు దారుల్లో ఇసుక మరో ముప్పు. నదిలో ఇసుక తవ్వే రీచ్‌ల నుంచి ట్రాక్టర్లు ఎక్కివచ్చే చోట తారు మీద సన్నటి పొర పరుచుకుని ఉంటుంది. దాని మీద బ్రేక్ పట్టకండి, హ్యాండిల్ తిప్పకండి, తిన్నగా దాటండి. ఊరి మొదట్లో రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, కల్వర్టు దగ్గర గుంతలు సరేసరి.

ఏ సైకిల్‌తో?

ఈ రోడ్లకు 25 మిల్లీమీటర్ల టైరు చాలదు. హైవే మీద హాయిగా ఉన్నా పల్లె రోడ్ల గతుకులకు అరచేతులు తిమ్మిరెక్కుతాయి. 28 కనీసం, ఫ్రేములో చోటుంటే 32 వేయించండి. వేగం పెద్దగా తగ్గదు, ఇంటికి వచ్చాక నడుము నొప్పి మాత్రం బాగా తగ్గుతుంది. చదును దారులకు ఏ గేరైనా సరే. కొండ దారులకు మాత్రం చైను తిరిగే పళ్ల చక్రాల్లో, ముందువాటిలో చిన్నదానికి 34 పళ్లు, వెనుకవాటిలో పెద్దదానికి కనీసం 32 పళ్లు ఉండాలి. గేర్లు లేని సైకిల్‌తో కూడా కళింగపట్నం, రామతీర్థం నిక్షేపంగా వెళ్లిరావచ్చు, దానికోసం కొత్తది కొనక్కర్లేదు.

ఒక చిన్న ఇత్తడి ముక్క గురించి ప్రత్యేకంగా చెబుతాను. రేసు సైకిళ్ల ట్యూబులకు ప్రెస్టా అనే సన్న వాల్వు ఉంటుంది. మన పల్లెల్లో పంక్చర్ దుకాణాల పంపులు దానికి పట్టవు. కొత్తూరులో ఒక దుకాణంలో ఆయన ట్యూబు విప్పి, నీళ్ల తొట్టిలో ముంచి, చేతితో జరుపుకుంటూ పోయి బుడగలు వచ్చిన చోట అగ్గిపుల్ల గుచ్చి గుర్తు పెట్టుకున్నాడు, ఆకురాయితో గీకి అతుకు వేశాడు. ఇంత చక్కగా చేసి, చివరకు గాలి కొట్టలేక నా ముఖం చూశాడు. ఆ సన్న వాల్వును మోటార్‌సైకిల్ వాల్వులా మార్చే ఇత్తడి తొడుగు ఒకటి నా సంచిలో ఉంది కాబట్టి బయటపడ్డాను. వాల్వుకే బిగించి ఉంచండి, మరచిపోయే అవకాశమే ఉండదు. దానితోపాటు రెండు ట్యూబులు, టైరు లివర్లు, చిన్న పంపు, చైను బిగించే ముక్క. కొండ దారిలో వెళ్తే ముందూ వెనుకా లైట్లు.

కొండెక్కాలంటే: అనంతగిరి, సీతంపేట

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. విజయనగరం నుంచి శృంగవరపుకోట, బొడ్డవర మీదుగా అనంతగిరి వెళ్లి రావడం ఒకటి. శ్రీకాకుళం నుంచి నాగావళి వెంట పాలకొండ వెళ్లి, సీతంపేట కొండలు దాటి, వంశధార వెంట హిరమండలం మీదుగా తిరిగి రావడం మరొకటి. కాగితం మీద రెండూ 130 కిలోమీటర్ల దరిదాపే. శరీరానికి మాత్రం రెండూ వేరు వేరు పరీక్షలు.

అనంతగిరి అంటే ఒకే ఒక్క పెద్ద ఎక్కుడు. శృంగవరపుకోట దాకా చదును. బొడ్డవర దాటాక ఘాట్ మొదలై దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకు తీసుకువెళ్తుంది. ఎక్కడా గోడలా నిలబడదు, కానీ ఎక్కడా కాలికి విరామం ఇవ్వదు. రెండున్నర, మూడు గంటలపాటు ఒకే లయలో తొక్కగలగాలి. పైకి పోయే కొద్దీ గాలి చల్లబడుతుంది, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకు పాకిన మిరియాల తీగలు. కింద లోయలో కొత్తవలస–కిరండోల్ రైలు మార్గం సొరంగాల్లోకి దూరుతూ బయటపడుతూ కనిపిస్తుంది.

తిరుగు ప్రయాణం లెక్కకు వస్తే అనంతగిరికి ఒక గొప్ప వరం ఉంది: కష్టమంతా ముందే, వచ్చేటప్పుడు దిగుడు. అయితే ఆ దిగుడే దీని ముప్పు కూడా. బ్రేకును అదేపనిగా పట్టి ఉంచితే రిమ్ వేడెక్కి ట్యూబు పగలవచ్చు. మలుపుకు ముందే గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి. డిస్క్ బ్రేకులున్న సైకిల్ ఇక్కడ అక్కరకొస్తుంది. జాతీయ రహదారి విస్తరణ పనులు సాగే చోట్ల కంకర, మట్టి ఉంటాయి. వానాకాలంలో కొండచరియలు జారిపడే దారి ఇది, జులై నుంచి అక్టోబరు దాకా వద్దు. నవంబరు నుంచి జనవరి దాకా శని, ఆదివారాల్లో అరకు వెళ్లే కార్లు, బస్సులు వరుస కడతాయి. అందుకే అనంతగిరి పనిరోజు దారి. సెలవు పెట్టుకోగలిగితేనే వెళ్లండి. ఘాట్ మాత్రమే కావాలనుకుంటే శృంగవరపుకోట దాకా కారులో సైకిల్ వేసుకువెళ్లి అక్కడ మొదలుపెట్టడంలో చిన్నతనం ఏమీ లేదు. ఆ చదును రోడ్డు 35 కిలోమీటర్లూ తిరిగి వచ్చేటప్పుడు ఎండలో సాగదీసేదే.

సీతంపేట దారి స్వభావం వేరు. ఎత్తు తక్కువ, తీరు ఎక్కువ. ఒక నది వెంట ఎక్కి, కొండ దాటి, ఇంకో నది వెంట దిగడం. రెండు జిల్లాల్లో ఒక్క దారినే ఉంచుకోమంటే నేను దీన్నే ఉంచుకుంటాను. ఆమదాలవలస దాటాక నాగావళి ఆయకట్టు పచ్చదనం మొదలవుతుంది. చెరకు, వరి, పేర్ల చివర వలస అని ఉన్న ఊళ్లు ఒకదాని తర్వాత ఒకటి. పాలకొండ వచ్చేసరికి ఉత్తరాన కొండలు గోడలా నిలబడతాయి. అక్కడ ఇడ్లీలు తిని, సీసాలు నింపుకోండి, తర్వాత చాలాసేపు సరైన హోటల్ దొరకదు. పాలకొండ నుంచి సీతంపేటకు 17 కిలోమీటర్ల ప్రాంతం, అందులో ఘాట్ భాగం కొద్దిదే. అనంతగిరి ఎక్కినవారికి ఇది పిల్ల ఘాట్. ఎక్కనివారికి మాత్రం మొదటి పాఠం. మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఊపిరి అందక ఆగినా సిగ్గుపడాల్సిందేమీ లేదు.

సీతంపేట 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నా శ్రీకాకుళం సైకిల్ వారికి అది ఇప్పటికీ సొంత కొండే. వారపు సంత రోజున వెళ్తే రోడ్డు పక్కన కొండచీపుర్ల కట్టలు, పసుపు, కాలాన్నిబట్టి అనాస, పనస, సీతాఫలం. సవర మహిళలు తెల్లవారకముందే గూడేల నుంచి తలమీద గంపలతో దిగివస్తారు. అనాస కాలంలో ఒక అవ్వ దగ్గర పండు కొంటే, నేను సైకిల్ మీద ఎలా మోసుకుపోతానా అని ఆలోచించి, కత్తితో చెక్కు తీసి, కళ్లు ఏరి, పొడవుగా నాలుగు చీలికలు కోసి అడ్డాకులో చుట్టి ఇచ్చింది. అక్కడే నిలబడి నాలుగూ తినేశాను. ఏ దుకాణంలోని శక్తి పానీయమూ కొత్తూరు దాకా నన్ను అంత బాగా తీసుకువెళ్లలేదు. బలం ఇంకా మిగిలితే ఆడలి వ్యూ పాయింట్ ఉంది, కానీ దాన్ని ఈ 130 కిలోమీటర్ల రోజున కలపకండి. పాలకొండ దాకా కారులో వచ్చి, సీతంపేట, ఆడలి మాత్రమే చేసే రోజు వేరే పెట్టుకోండి.

ఈ దారికి ఒక గట్టి నియమం ఉంది. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులు ఈ కొండల చుట్టుపక్కల మండలాల్లో కొన్నేళ్లుగా తిరుగుతున్నాయి. వాటి వల్ల ప్రాణాలూ పోయాయి, పంటలూ పోయాయి. కాబట్టి పాలకొండ దాటేసరికి పూర్తిగా తెల్లవారి ఉండాలి. హోటల్లో టీ తాగుతూ, "గుంపు ఎటు ఉంది?" అని అడగండి. అక్కడివారికి రోజూ తెలుస్తుంది. దారిలో ఉందంటే వెనక్కి తిరగండి. ఫోటో కోసం ముందుకు పోవద్దు.

ఏ వైపు నుంచి తిరగాలన్నది తరచూ వచ్చే ప్రశ్న. పాలకొండ వైపు నుంచే మొదలుపెట్టండి. ఎక్కుడు చల్లటి వేళలో అయిపోతుంది, తినడానికి చోటు సరైన సమయానికి వస్తుంది. రెండో వైపు నుంచి వస్తే సీతంపేట కొండ మిట్టమధ్యాహ్నానికి ఎదురవుతుంది. కొత్తూరు దగ్గర వంశధార లోయలోకి దిగాక నేల సమంగా ఉంటుంది. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ, ఆ పక్కనే 19 టీఎంసీల జలాశయం. ఆ నీటి కింద ఉన్న ఊళ్లవారు ఎక్కడెక్కడో పునరావాస కాలనీల్లో స్థిరపడ్డారు. దారిలో వారి మాటలు వింటే ఆ నీటిని చూసే చూపు మారుతుంది. అక్కడి నుంచి సరుబుజ్జిలి మీదుగా శ్రీకాకుళానికి వచ్చేది అలికాం–బత్తిలి రోడ్డు. గుంతలకు పేరుమోసిన రోడ్డు ఇది, బయలుదేరే ముందు వారం అటు వెళ్లివచ్చిన వారిని అడిగి తెలుసుకోండి. సరుబుజ్జిలి మండలంలోనే దంతపురి దిబ్బ ఉంది, పాత కళింగ నగరం అని చెప్పే చోటు. చూడాలనుకుంటే ఇంకోరోజు శ్రీకాకుళం నుంచి నేరుగా రండి. ఆ వేళకు మీ దగ్గర మిగిలేది సమయం కాదు, పట్టుదల మాత్రమే.

నేను బ్యారేజీ దగ్గర ఆగి గడియారం చూస్తాను. పది లోపు అయితే రెండు కొబ్బరి బొండాలు తాగి తొక్కుకుంటూ వచ్చేస్తాను. మిగిలిన 40 కిలోమీటర్లలో సగం దాకా గాలి పెద్దగా అడ్డు రాదు. పదకొండు దాటితే ఆగ్నేయపు గాలికి ఎదురుగా, నీడలేని రోడ్డు మీద మూడు గంటలు పడుతుందని అనుభవం మీద తెలుసు. అప్పుడు హిరమండలం సెంటర్‌లో ట్రాలీ ఆటో మాట్లాడుకుంటాను. ముందు చక్రం విప్పి, గేర్లున్న వైపు పైకి వచ్చేలా పడుకోబెట్టి, కింద గోనెసంచి మడతపెట్టి కట్టాలి. గేర్ల మీద బరువు పడితే చైను వరుస తప్పుతుంది.